పల్లె గాలి ఎవరు పీలుస్తున్నారు?

సంక్రాంతి వెళ్ళిన నాలుగైదు రోజులకి ప్రతి ఏడూ ఒక మాట ఫోనుల్లో తిరగడం మొదలవుతుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర గంటల తరబడి కార్లో కూచుని హైదరాబాదు చేరినవాళ్ళు, బ్యాగులోంచి అరిసెల డబ్బా పైకి తియ్యకముందే రాసేస్తారు: బతుకంటే ఊళ్ళోదే, ఇక్కడ మనది బతుకే కాదు అని. కింద బోలెడుమంది దణ్ణాలు పెడతారు. దూరాన ఉన్నవాళ్ళు, పోనీలే, బెంగపడి రాశారనుకోవచ్చు. ఈమధ్య విజయవాడ, గుంటూరు వాళ్ళు కూడా అదే పాట ఎత్తుకున్నారు. నాకు విడ్డూరంగా ఉండేది అది. బెంజి సర్కిల్ దగ్గర ఉండేవాడికి వాళ్ళ ఊరు మహా అయితే గంట దూరం. అంత బాగుంటే వెళ్ళి ఉండొచ్చుగా, ఎవరు కాదన్నారు?

నేనుండేది గుంటూరులో, కొరిటెపాడు వైపు. మాది పెదనందిపాడు దగ్గర ఒక ఊరు. 1922లో తెల్లవాడికి పన్ను కట్టేది లేదని ఎదురు తిరిగిన ప్రాంతం అది. ఆ సంగతి చెప్పుకోకుండా మా వైపు వాళ్ళు ఏ ఉపన్యాసమూ మొదలుపెట్టరు, నేనెందుకు మానాలి. అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. వారం వారం వెళ్ళొస్తుంటాను. అటూ ఇటూ తిరగ్గా నాకు తేలిందేమంటే, ఊరు మంచిదా పట్నం మంచిదా అని ఎన్నాళ్ళు వాదించుకున్నా ఒడ్డుకి చేరం. ఎవరికి మంచిది అని అడగాలి. ఊళ్ళో పొలం, పట్నంలో సొంతిల్లు, రెంటికీ మధ్య తిరగడానికి కారు, ఈ మూడూ ఉన్నవాడికి రెండు చోట్లా బాగానే ఉంటుంది. మూడూ లేనివాడికి ఎక్కడైనా కష్టమే. కాకపోతే పట్నంలో ఆ కష్టానికి రోజుకూలి దొరుకుతుంది, రాత్రి పూట ఆస్పత్రి దొరుకుతుంది, నువ్వెవరి కొడుకువని అడగని వీధి దొరుకుతుంది. ఊరు తక్కువని నేననడం లేదు. ఊరి సుఖాన్ని పొగిడేవాళ్ళు, ఆ సుఖం ఎవరి చెమట మీద నిలబడిందో, ఎవరి వాటాకి వచ్చిందో కూడా చెప్పాలంటున్నాను.

ముందు గాలి సంగతి చూద్దాం. ఊళ్ళో స్వచ్ఛమైన గాలి అని అందరూ అనేదే కదా.

మాది నల్లరేగడి నేల. మిరప, పత్తి, శనగ పండుతాయి. మిరప నాటారంటే తోట కోతకొచ్చేదాకా వారం పది రోజులకోసారి మందు కొట్టాల్సిందే. అందులోనూ 2021లో నల్ల తామర పురుగు దిగింది. పూతలో దూరి కూచుంది. ఏ మందుకీ లొంగలేదు. కన్నబిడ్డల్లా పెంచిన తోటల్ని రైతులే ట్రాక్టరు పెట్టి దున్నించేశారు. ఆ భయం పోలేదు. అవసరమున్నా లేకపోయినా ఒక తడవ ఎక్కువే కొడుతున్నారు. ఆ రోజుల్లో పొద్దున్నే మా అరుగు మీద కూచుని కాఫీ తాగితే, గాలి చేలవైపు నుంచి తిరిగినప్పుడల్లా ఒక వాసన వస్తుంది. తియ్యగా ఉన్నట్టే ఉండి గొంతులో ఒక పక్కన అతుక్కుంటుంది. మంచినీళ్ళు తాగినా పోదు.

అరుగు మీద కూచున్న నాకే అలా ఉంటే మందు కొట్టేవాడి మాటేమిటి? తైవాన్ పంపు వీపుకి తగిలించుకుని, లుంగీ ఎగగట్టి, మూతికి తుండుగుడ్డ చుట్టుకుని సాళ్ళ మధ్య నడుస్తాడు. పావుగంటకే గుడ్డ తడిసి ముక్కుకి అంటుకుపోతుంది. చెమటతో తడిసిందో మందుతో తడిసిందో వాడికే తెలియదు. ట్యాంకుకింత అని కూలి. కాబట్టి మధ్యలో ఆగడు. అయ్యాక బోదె కాలవలో చేతులు కడుక్కుని బీడీ వెలిగిస్తాడు. "ఏం తమ్ముడూ, మాస్కు పెట్టుకోవచ్చుగా" అంటే నవ్వుతాడు. "పెట్టుకుంటే ఊపిరాడదన్నాయ్. రాత్రికి అన్నం సయించదు, అంతే. పొద్దున్నకి సర్దుకుంటది" అంటాడు. ఈమధ్య డ్రోన్లు వచ్చాయి. అవి వచ్చినచోట మనిషికి ఆ బాధ తప్పింది, ఆ కూలీ తప్పింది. గుంటూరు ట్రాఫిక్కులో పొగ మింగే ఆటో డ్రైవరు గురించి జాలిపడేవాళ్ళకి ఈ మనిషి కనపడడు. ఆయన కూడా పల్లె గాలే పీలుస్తున్నాడు మరి.

ఇక పాలు. మా ఊళ్ళో పొద్దున్నా సాయంత్రం పాలకేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడతారు. గరిటెడు పాలు తీసి మిషన్లో పోస్తే వెన్న శాతం అంకె పడుతుంది, దాన్ని బట్టి రేటు. చిక్కటి పాలన్నీ వ్యాన్లో డెయిరీకి పోతాయి. అక్కడ శుద్ధయి, ప్యాకెట్లయి, మర్నాడు మా సెంటరులో టీ కొట్టుకి వస్తాయి. మా ఊరి టీ కొట్టువాడు ప్యాకెట్ పాలతోనే టీ పెడతాడు. గేదెలు కూడా మునుపున్నన్ని లేవు. మేపేవాళ్ళేరీ? వరి పండే ఊళ్ళ నుంచి గడ్డి తెప్పించుకోవాలి. అక్కడ కోతమిషన్లు దిగాక గడ్డి నలిగి చేలోనే పడుతుంది. దాన్ని మళ్ళీ మిషను పెట్టి మోపులు కట్టించి ట్రాక్టరు మీద వేసుకొచ్చేసరికి గడ్డి ఖర్చు పాల రాబడిని మింగేస్తోంది.

కూరగాయల మాట అడక్కండి. గుంటూరు మార్కెట్టులో తెల్లారుజామున ఎత్తుకొచ్చిన టమాటాలు, దొండకాయలు ట్రాలీ ఆటోలో మా ఊరికి వస్తాయి, మైకులో ముందే రికార్డు చేసిపెట్టిన గొంతుతో. మిరప ధర మీద ఆశ పెట్టుకున్న రైతు నాలుగు సెంట్లలో వంగమొక్కలు నాటడానికి ఓపిక చేసుకోడు. మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకని ఊరచెరువే దిక్కుగా ఉండేది. ఇప్పుడు చెరువు నీళ్ళు కూడా వాడకానికే. తాగేది వాటర్ ప్లాంటు టిన్ను. గుంటూరులో మా అపార్టుమెంటులోనూ అదే టిన్ను. ఈ విషయంలో ఊరికీ పట్నానికీ తేడా, టిన్ను మేడ మీదికి మోయించుకోవాలా వద్దా అన్నదొక్కటే.

అయితే అసలు ఊళ్ళో ఎవరుంటున్నారు?

మా వీధినే తీసుకోండి. పది ఇళ్ళుంటే సగానికి తాళాలు. యజమానులు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్నారనుకునేరు. చాలామంది గుంటూరులోనే ఉన్నారు. పిల్లల చదువు కోసమని విద్యానగర్‌లోనో, గోరంట్లలోనో, బ్రాడీపేట సందుల్లోనో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. భార్య, పిల్లలు అక్కడ. ఆయన పొద్దున్నే టిఫిను బాక్సు బండికి తగిలించుకుని ఓల్డ్ మద్రాస్ రోడ్డు పట్టుకుని ఏటుకూరు మీదుగా ఊరికి వస్తాడు. తోట చూసుకుని, కూలీలకి డబ్బులిచ్చి, పొద్దుగూకేలోపు మళ్ళీ గుంటూరు చేరతాడు. పట్నంవాళ్ళు ఆఫీసుకి పోయినట్టు ఈయన పొలానికి పోతున్నాడు. కొందరు ఆ బాదరబందీ కూడా పెట్టుకోకుండా కౌలుకిచ్చేశారు. ఎకరానికి ఇంతని డబ్బు ముందే చేతిలో పడుతుంది. వాన పడినా పడకపోయినా, పురుగొచ్చినా ధర పడిపోయినా వాళ్ళకేం కాదు, కౌలుదారు చూసుకుంటాడు. సంక్రాంతికి ఫోటోలు పెట్టి ఊరిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళలో ఇలా కౌలుకిచ్చినవాళ్ళు ఎంతమందో లెక్క తీస్తే బాగుండును. కౌలుకి తీసుకున్నవాడికి ఫోటోలు పెట్టే తీరిక ఉండదు. సంక్రాంతి నాటికి కోతలు మొదలవుతాయి.

కోతలంటే గుర్తొచ్చింది. జనవరి వచ్చేసరికి కర్నూలు వైపు నుంచి మిరప కోతకి జనం దిగుతారు. ముఠాలు ముఠాలుగా, చంటిపిల్లల్నీ వంటగిన్నెల్నీ వెంటేసుకుని. ఊరి బయట పరదాలు కట్టుకుని రెండు మూడు నెలలుంటారు. వాళ్ళ ఊళ్ళో ఆ కాలంలో పనుండదు. పోయినేడు ఒకావిడ మా అమ్మతో అంది: "మీకేమమ్మా, మీ ఊళ్ళో దినామూ పనుంటాది." మేం పల్లెటూరు పల్లెటూరు అనుకుంటూ గుంటూరు పారిపోయిన ఊరు ఆవిడ లెక్కలో పట్నమే. గుంటూరు మిర్చి యార్డుకి లారీల్లో చేరే టిక్కీల్లో, అంటే మిరప బస్తాల్లో, ఆవిడ కోసిన కాయ ఉంటుంది. ఆవిడ పిల్లాడు ఆ మూడు నెలలు ఏ బడికీ పోడు, అటు పేరున్న బడి దూరం, ఇటు బడిలో పేరుండదు. పల్లె-పట్నం చర్చల్లో ఈ పిల్లాడు ఏ వైపు లెక్కకొస్తాడో నాకు తెలియదు.

ఇప్పుడు ఎవరూ ఎత్తని మాటొకటి ఎత్తాలి. ఊరి అందాల గురించి రాసే మాలాంటి వాళ్ళది చాలామటుకు రామాలయం వీధి. నాదీ అదే. అందుకే అరుగులూ రచ్చబండలూ మాకు అంత తియ్యగా గుర్తుంటాయి. మా ఆఫీసులో నాకంటే పదేళ్ళు పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఊరూ మా ఊరికి దగ్గరే, ఊరి చివర దళితవాడలో పుట్టారు. ఒకరోజు టీ దగ్గర నేను ఊరి కబుర్లు మొదలుపెడితే అంతా విని, "మీ వీధిలోకొస్తే మా నాన్న సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేవాడు తమ్ముడూ. వీధి దాటాక మళ్ళీ ఎక్కేవాడు. నేను వెనక క్యారేజీ మీద కూచుని, చెయిన్ పడిపోయిందేమో అనుకునేవాణ్ణి" అన్నారు. టీ తాగేసి లేచి వెళ్ళిపోయారు. కోపమేం లేదు ఆయనకి. మర్నాడు మామూలుగానే మాట్లాడారు.

మా రోడ్డు మీదే ముందుకు పోతే పర్చూరు, అది దాటితే కారంచేడు. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవతో మొదలైంది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల చేరారు. చాలామంది అక్కడే స్థిరపడిపోయారు. ఆరేళ్ళు తిరిగేసరికి 1991 ఆగస్టు 6న తెనాలి పక్కన చుండూరు, ఎనిమిదిమంది. అక్కడివాళ్ళు తెనాలికి పరిగెత్తారు. రెండు సార్లూ మనుషులు ఊళ్ళోంచి పట్నంలోకే పారిపోయారు, పట్నంలోంచి ఊళ్ళోకి కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ భారతదేశపు గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవని అన్నప్పుడు సభలో చాలామందికి రుచించలేదు. పల్లెని పొగిడే పోస్టు కింద ఆ మాట గుర్తుచేస్తే ఇప్పటికీ రుచించదు, కావాలంటే ప్రయత్నించి చూడండి.

పట్నంలో కులం లేదా అంటారు. ఎందుకు లేదు? టు-లెట్ బోర్డు చూసి గేటు తీస్తే చాలు. ఇంటావిడ గదులన్నీ చూపిస్తుంది, కుళాయి తిప్పి నీళ్ళు చూపిస్తుంది, ఆనక మెట్ల దగ్గర నిలబడి మెల్లిగా "ఇంతకీ మీరేమిట్లు బాబూ?" అంటుంది. మా ఆఫీసు పెద్దాయనకి బ్రాడీపేటలో ఒక ఇల్లు అన్ని విధాలా నచ్చింది, అడ్వాన్సు జేబులో పెట్టుకునే వెళ్ళారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాక, "అయ్యో, మొన్ననే ఎవరో మాట్లాడుకున్నారండీ, మా ఆయన నాతో చెప్పనేలేదు" అంది ఇంటావిడ. బోర్డు ఇంకో నెల అలాగే వేలాడింది. చివరికి ఆయన అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్నారు. కొనేవాణ్ణి మాత్రం బిల్డరు ఏమిట్లని అడగలేదట, బ్యాంకు లోను వస్తుందా అని అడిగాడట. నేను పట్నం వైపు మొగ్గడానికి ఇదొక కారణం. ఇక్కడా మనుషులు అడుగుతారు. కానీ ఒక గుమ్మం మూసుకుంటే పక్క వీధికి పోవచ్చు. ఊళ్ళో పక్క వీధి ఎవరిదో పుట్టకముందే రాసిపెట్టి ఉంటుంది.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో డిగ్రీ చదివిన అమ్మాయి సాయంత్రం ఒక్కతే నడిచి సెంటరుకి పోతే రాత్రికి ఊరంతా తెలుస్తుంది. అదే అమ్మాయి లాడ్జి సెంటర్లో స్కూటీ ఆపి పునుగులు తింటే ఎవడికీ పట్టదు.

ఇంతకీ పట్నం భద్రమా? అక్కడే పట్నంవాళ్ళ ధీమా నాకు నవ్వొస్తుంది. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు పొంగింది. మళ్లింపు కాలవకి గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం నీళ్ళలో ఉండిపోయాయి. అదే రెండ్రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కుల పైన పారింది. అంత నీళ్ళు బ్యారేజీ చూడలేదు. మా పిన్ని కూతురు వాళ్ళది సింగ్ నగర్లో మొదటి అంతస్తు. పొద్దున కింద ఇంటివాళ్ళు వచ్చి తలుపు కొడితే తీసింది. వాళ్ళ వెనకే మెట్ల మీద నీళ్ళు కనపడ్డాయట, గ్యాసు బండ తేలుతూ. ఆ రోజు నుంచి రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో. కరెంటు లేదు, సెల్లులో ఛార్జింగు లేదు, చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. డ్రోన్లతో పొట్లాలు జారవిడిచారు, అందినవాళ్ళకి అందాయి. అప్పుడు మా ఊళ్ళో రామాలయం దగ్గర గాడిపొయ్యి తవ్వి పులిహోర కలిపి, పొట్లాలు కట్టి, ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని పోయారు. ఆ పని చేసినవాళ్ళలో, విజయవాడ అంటే మండిపడే మా బాబాయి ముందున్నాడు.

బుడమేరు ఎప్పట్నుంచో ఉంది. మైలవరం కొండల వైపు నుంచి వచ్చి కొల్లేటికి పోయే వాగు అది. దాని దారిలో ఇళ్ళు కట్టింది మనం. అక్కడ స్థలం చవక కాబట్టి చిన్న జీతాలవాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళంతా ఏదో ఒక ఊరి నుంచి వచ్చినవాళ్ళే. ఊళ్ళో అయితే ఏ మిట్టన ఇల్లు కట్టాలో, ఏ పల్లాన కట్టకూడదో చెప్పే ముసలాళ్ళు ఉంటారు. పట్నంలో రియల్ ఎస్టేటు బ్రోచరు ఉంటుంది. ఊరిని నేను నిజంగా మెచ్చుకునేది ఇలాంటి చోట.

అసలు ఎటూ కదలకుండానే పట్నమైపోయిన ఊళ్ళు కూడా మన పక్కనే ఉన్నాయి. 2015లో రాజధాని కోసం 29 ఊళ్ళ రైతులు 33 వేల ఎకరాల పైచిలుకు భూసమీకరణకి ఇచ్చారు. ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. ఎకరం ఇచ్చినవాళ్ళకి ఇన్ని గజాల ప్లాటు, ఏటా కౌలు అన్నారు. భూమి లేనివాళ్ళకి నెలకి 2,500 పింఛను. కృష్ణ పక్కన నీళ్ళు పుష్కలంగా ఉండే జరీబు భూముల్లో అరటి, పూలు, కూరగాయలు, ఏడాది పొడుగునా పనుండేది. పూలు కోసే ఆడకూలీకి ఇల్లు దాటి పది అడుగులేస్తే పని. పొలాలు ఆగిపోయాక ఆటోలెక్కి దూరాన ఊళ్ళకి కూలికి పోయారు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, రోడ్ల పక్కన ఇనప చువ్వలు తుప్పు పట్టాయి. ప్రభుత్వం మారాక మళ్ళీ పనులు మొదలయ్యాయి. మధ్యలో రైతు ప్లాటు కోసం ఎదురుచూశాడు, అతని దగ్గర కనీసం కాగితముంది. పూలు కోసిన ఆవిడకి అదీ లేదు. ఊరు పోయింది, పట్నం రాలేదు, మధ్యలో పదేళ్ళు గడిచాయి. పల్లెలు పట్నాలైపోవాలి అనేవాళ్ళు ఒకసారి ఆ పదేళ్ళ గురించి ఆలోచిస్తే మంచిది.

ఇంత చెప్పాక నాన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే ఊరు గొప్పదనమూ ఊరి కొరతా నాకు ఒక్క రాత్రిలోనే కనపడ్డాయి.

రాత్రి పదకొండు దాటాక నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చింది. చెమటలు పట్టాయి. అమ్మ ఎదురింటి తలుపు కొట్టింది. వాళ్ళబ్బాయి ఆర్‌ఎంపీ డాక్టరుకి ఫోను చేశాడు. ఆయన లుంగీ మీదే బండేసుకుని ఐదు నిమిషాల్లో వచ్చాడు. చెయ్యి పట్టుకుని చూసి, బీపీ చూసి, ఒక బిళ్ళ నమిలించి, "అమ్మా, ఇది నా చేతిలో పని కాదు, గుంటూరు తీసుకుపోండి, ఇప్పుడే" అన్నాడు. సూదిమందు పొడిచి డబ్బులడిగే ఆర్‌ఎంపీల గురించి ఎన్ని జోకులు వేసుకున్నామో. ఆ రాత్రి ఆయన తన హద్దు తెలుసుకుని మాట్లాడబట్టే మా నాన్న బతికాడు. 108కి ఫోను చేస్తే బండి వేరే కేసులో ఉందన్నారు. వీధి చివర ఇంట్లో కారుంది. వాళ్ళకీ మాకూ గట్టు తగాదాలో మాటల్లేవు. అయినా తాళాలు తెచ్చి ఇవ్వడమే కాదు, ఆయనే తోలాడు. రోడ్డు బాగున్నచోట ఎనభై మీద పోనిచ్చాడట. గుంటూరులో నేను ఆస్పత్రి గేటు దగ్గర స్ట్రెచరు పెట్టించి నిలబడ్డాను.

గుంటూరులో మా అపార్టుమెంటులో పక్క ఫ్లాటు ఆయన పేరు నాకు తెలుసు, ఆయన లిఫ్టులో నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అర్ధరాత్రి తలుపు కొడితే తీస్తారనే అనుకుంటున్నాను. కానీ తగాదా ఉన్న మనిషి తీస్తాడా అంటే చెప్పలేను. అమ్మ ఊరు వదలనంటున్నది అందుకే. ఆ తర్వాతెప్పుడో నాన్న పోయాక ఎన్నోసార్లు పిలిచాను. "ఆడికొచ్చి నేనేం చెయ్యాల్రా, తలుపేసుకుని టీవీ చూడ్డమేగా. ఈడైతే పొద్దుగూకేసరికి అరుగు మీద ఎవురో ఒకరు కూచుంటారు" అంటుంది. ఆవిడ మాట కాదనలేను. కానీ ఆ రాత్రి ఆ కారు ఊళ్ళో లేకపోతే, లేదా ఆ ఇంటాయన కూడా అందరిలాగే గుంటూరు వచ్చేసి ఉంటే, ఊరంతా అరుగు మీద చేరి ఏడవడం తప్ప చేసేదేముంది? మనుషుల మంచితనం ముప్ఫై కిలోమీటర్లని తగ్గించలేదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా రిటైరై ఊరు పోయి ఉంటానంటే నేను గాలి గురించి అడగను. మొన్న విజయవాడలో మా దూరపు బంధువు, బ్యాంకులో చేసి దిగినాయన, ఊళ్ళో పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్తది కడతానన్నారు. మామిడి చెట్లు, రెండు ఆవులు, నులకమంచం, అన్నీ బొమ్మ గీసి చూపించారు. "ఆవుల పేడ ఎవరు తీస్తారు బాబాయ్?" అన్నాను. "ఎవరో ఒకరు దొరుకుతార్లేరా" అన్నారు. ఆ దొరికే ఎవరో ఒకరి కొడుకు ఇప్పుడు ఆటోనగర్లో వెల్డింగు నేర్చుకుంటున్నాడు, దొరకడు. పిన్నిని అడిగాను నీకిష్టమేనా అని. "ఆయనకి నులకమంచం, నాకు మళ్ళీ పొయ్యి" అంది. బాబాయి వినలేదు కానీ, ఆవులు మాత్రం బొమ్మలోంచి తీసేశారు.

నన్నడిగితే పల్లెలకి తరలిపోదాం రండి అనే పిలుపులు మానేసి, ఉన్నవాళ్ళకి ఏం కావాలో చూస్తే బాగుంటుంది. పెద్ద పెద్దవి కూడా కాదు. రాత్రి పూట మండలంలో డాక్టరుండాలి. కౌలు చేసేవాడి పేరు కాగితం మీద ఉండాలి, నష్టపరిహారం పొలం పేరున్నవాడి ఖాతాకి పోకుండా. ఇంకొకటి బస్సు. వినడానికి చిన్నగా ఉంటుంది గానీ నాకు అన్నిటికంటే ముందు అదే కనపడుతుంది. సాయంత్రం బస్సు ఆగిపోయే ఊళ్ళో ఉంటూ గుంటూరులో ఉద్యోగం చెయ్యడం కుదరదు. ట్యూషనుకి పోయిన పిల్లకి తిరిగి రావడానికి దారుండదు. మిరపకాయ తొడిమలు తీయడానికి కోల్డ్ స్టోరేజీలకి పోయే ఆడవాళ్ళు షేర్ ఆటోలో పదిమంది ఒకరి మీద ఒకరు కూచుని చీకట్లో వస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టికెట్టు లేదు, చాలా మంచి పని. పొద్దున్న బస్సులు కిక్కిరిసిపోతున్నాయి. సాయంత్రం మాకు బస్సే లేనప్పుడు ఉచితం ఏం చేసుకోవాలి? బస్సుంటే ఆ రెండు గదుల అద్దె మిగిలేది, మా వీధిలో సగం తాళాలు ఊడేవి అని నా నమ్మకం. గుంటూరు మాకు అంత దూరమేం కాదు. చీకటి పడ్డాకే దూరమవుతుంది.

ఊరివాళ్ళం కొందరం డిపోకి వెళ్ళి అడిగాం. కూచోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. రాత్రి ట్రిప్పుకి ఓఆర్, అంటే సీట్లు నిండే శాతం, రాదండీ, ఖాళీ బస్సు తిప్పలేం అన్నారు. బస్సు లేదు కాబట్టే జనం సాయంత్రమే ఊరు చేరుతున్నారు లేదా గుంటూరులోనే ఉండిపోతున్నారు, రాత్రి ఎవరూ లేరు కాబట్టి బస్సు వెయ్యరు. ఇది ఎక్కడ మొదలైందో ఎక్కడ తెగుతుందో నాకు అంతు పట్టలేదు. మూడు నెలలు వేసి చూడండి, నిండకపోతే తీసేయండి అన్నాం. కాగితం మీద పెట్టమన్నారు. ఉగాది వెళ్ళాక మళ్ళీ పోతున్నాం. ఈసారి కాగితం అమ్మ దగ్గరుంది, సంతకాలు చాలామటుకు ఆడవాళ్ళవే. రాసింది చదివి వినిపిస్తే ఒక్క చోట ఆపింది.

"ఎనిమిదిన్నర అని రాశావేందిరా? తొమ్మిదిన్నర అని రాయి. ఎనిమిదిన్నర అడిగితే వాళ్ళు ఏడున్నరకి వేస్తారు."

దిద్దాను.